దీన్‌కీ రివాజుకీ ఒకటే గడి

ఒక మనిషి ఉన్నాడనుకోండి. మతం నుంచో కుటుంబం నుంచో తనకు దక్కిన ఆచారాల్ని తప్పకుండా పాటించాలని చూస్తాడు. ఆ మనిషి ఎంతవరకు మీలాంటివాడు? 'అచ్చం నాలాగే' దగ్గర్నుంచి 'నాకూ అతనికీ పోలికే లేదు' దాకా ఆరు గడులిచ్చారు. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. దాదాపు ఈ అర్థం వచ్చే ప్రశ్నని 2002 నుంచి, సుమారు రెండేళ్ళకోసారి, యూరోపియన్ సోషల్ సర్వేలో వేలాది మందిని అడుగుతున్నారు. ఆ టిక్కుల్ని కూడి, సగటు తీసి, ఏ సమూహం సంప్రదాయానికి ఎంత అతుక్కుని ఉందో లెక్క చెబుతారు.

ఎక్కడో యూరప్‌లో అడిగే ప్రశ్నతో మనకేం పని అనొచ్చు. పని ఉంది. ముస్లింల గురించి ఎక్కడ చర్చ మొదలైనా అది తిరిగి తిరిగి 'విలువల' దగ్గరికే వచ్చి ఆగుతుంది. పిల్లల్ని బడికి పంపరెందుకు? వాళ్ళ విలువలంతే. బస్తీలో మురిక్కాలవ ఎందుకలా ఉంది? వాళ్ళ విలువలంతే. మన దేశంలో సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ఎవరి మనసులోకీ తొంగి చూడలేదు. బడులు, బ్యాంకు అప్పులు, సర్కారీ ఉద్యోగాలు లెక్కపెట్టింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకి వెళ్ళేవాళ్ళు నూటికి మూడు నాలుగు మందే అని తేల్చింది. అప్పటిదాకా 'మదర్సా మనస్తత్వం' గురించి ఉపన్యాసాలిచ్చినవాళ్ళు ఆ అంకె చూసి కాసేపు ఊరుకున్నారు. కాసేపే. లేమిని విలువగా చూపించడం కన్నా సులువైన పని ఇంకొకటి లేదు కదా!

అందుకే విలువల్ని కొలిచే కొలబద్దల చరిత్ర మనం తెలుసుకోవాలి. అవి ఎవరు చేశారు, ఎవరి మీద సరిచూశారు, ఎక్కడ పనిచేశాయి, ఎక్కడ చేతులెత్తేశాయి? బి.ఎడ్. చదివినవాళ్ళకి 'సప్రమాణత' అన్న మాట గుర్తుండే ఉంటుంది. ఏ పరీక్షయినా తాను కొలుస్తానన్నదాన్నే నిజంగా కొలుస్తోందా అన్నది సప్రమాణత. ఒక ఊళ్ళో సప్రమాణమైన పరీక్ష ఇంకో ఊళ్ళో కాకపోవచ్చు. ఈ చిన్న సంగతి మనస్తత్వ శాస్త్రానికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

మొదటి కొలబద్ద 1931లో అమెరికాలో వచ్చింది. గోర్డన్ ఆల్‌పోర్ట్, ఫిలిప్ వెర్నన్ కలిసి తయారుచేశారు. జర్మన్ పండితుడు స్ప్రాంగర్ మనుషుల్ని ఆరు రకాలుగా విభజించాడు. సిద్ధాంత జీవి, ఆర్థిక జీవి, సౌందర్య జీవి, సామాజిక జీవి, రాజకీయ జీవి, మత జీవి. ఆ ఆరింటినీ ప్రశ్నల్లోకి దించారు. సరిచూసింది ప్రధానంగా అమెరికా కాలేజీ విద్యార్థుల మీద. మన దేశంలోనూ దానికి అనుసరణలు వచ్చాయి, ఎం.ఎడ్. సిద్ధాంత వ్యాసాలు బోలెడు రాశారు. దాని సంగతి ఇంతటితో చాలు.

అసలు కథ మిల్టన్ రోకీచ్‌తో మొదలవుతుంది. 1918లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, ఏడేళ్ళప్పుడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి వలస వెళ్ళినవాడు. అతనూ మైనారిటీయే. మూసుకుపోయిన మనసు మతంలోనే కాదు, ఏ వాదంలోనైనా ఉంటుందని 1960లో పుస్తకం రాశాడు. 1973 నాటి గ్రంథంలో 36 విలువల పట్టికని వివరించాడు. జీవితంలో చేరాల్సిన గమ్యాలు 18, మనిషి నడతకి సంబంధించినవి 18. వాటిని ముఖ్యమైన వరుసలో పేర్చాలి, అంతే. సమానత్వాన్ని, స్వేచ్ఛని ఎవరు ఎక్కడ పెడతారన్నదాన్నిబట్టి వాళ్ళ రాజకీయం చెప్పొచ్చన్నాడు. ఈ మాటలో పస ఉంది.

మరి ఆ 36 మాటలు ఎక్కడివి? గమ్యాల పట్టికకి కొన్ని పుస్తకాల్లోంచి, కొన్ని తన బుర్రలోంచి, కొన్ని ముప్పైమంది మనస్తత్వశాస్త్ర విద్యార్థుల్నడిగి, మిగతావి మిషిగన్ రాష్ట్రంలో లాన్సింగ్ అనే ఊళ్ళో వందమంది దాకా పెద్దల్నడిగి పోగేశాడు. ప్రపంచ మానవుడి గమ్యాలు లాన్సింగ్‌లో దొరికాయన్నమాట. ఆ పట్టికలో మతానికి దక్కిన మాట సాల్వేషన్. పక్కనే వివరణ: పాపం నుంచి రక్షింపబడడం, నిత్య జీవం. చర్చి మెట్లెక్కినవాళ్ళెవరికైనా ఈ భాష ఎక్కడిదో చెప్పక్కర్లేదు. దీన్ని తెలుగులోకి ఎలా తేవాలి? 'మోక్షం' అంటే హిందువు మాటవుతుంది, జన్మల నుంచి విడుదల అనే అర్థం వెంటేసుకొస్తుంది. 'రక్షణ' అంటే పాస్టరు గారి మాట. 'నజాత్' అంటే ఉర్దూ వచ్చిన ముస్లింకి అర్థమవుతుంది, నూర్‌బాషాల ఇంట్లో చాలామందికి అదీ కాదు. నాలుగు మాటలు, నాలుగు వేరు వేరు ఆశలు.

రోకీచ్ లెక్కల్లోనే దీనికి రుజువు దొరుకుతుంది. అమెరికాలో క్రైస్తవులు ఆ మాటని పైన పెట్టుకున్నారు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు అట్టడుగున, పద్దెనిమిదో స్థానంలో పెట్టారు. యూదులూ అట్టడుగునే పెట్టారు. అంటే శనివారం సినగాగ్‌కి వెళ్ళి ప్రార్థన చేసే యూదుడూ, ప్రార్థనే చెయ్యని నాస్తికుడూ ఒకే గడిలో పడ్డారు. ఆ మాట కొలిచింది దైవ విశ్వాసాన్ని కాదు, ఒక మతం మాట్లాడే భాషని. తనూ యూదుడైన రోకీచ్ దీన్ని దాచలేదు. ఇది క్రైస్తవుల ప్రత్యేక విలువ అని తనే రాశాడు. కాని పట్టిక మాత్రం దేశదేశాలు తిరిగింది.

ఆ తర్వాత హాఫ్‌స్టెడ్. డచ్చివాడు. ఐబీఎం కంపెనీ 1967 నుంచి 1973 దాకా తన ఉద్యోగుల్ని అడిగిన ప్రశ్నలకి లక్ష పైచిలుకు జవాబు పత్రాలుంటే, వాటినుంచి దేశాల సంస్కృతుల్ని కొలిచాడు. 1980లో పుస్తకం వచ్చింది. మేనేజిమెంటు కోర్సు చదివిన ప్రతివాడికీ ఈ పేరు తెలుసు. కంప్యూటర్ల కంపెనీలో జీతం తీసుకునేవాళ్ళే ఒక దేశానికి నమూనా ఎలా అయ్యారన్నది పాత విమర్శే. నాకు అంతకన్నా ఎక్కువగా కనబడేది వేరే ఉంది. ఈజిప్టు, ఇరాక్, కువైట్, లెబనాన్, లిబియా, సౌదీ అరేబియా, యు.ఏ.ఇ. - ఈ ఏడు దేశాల్నీ కలిపి 'అరబ్ దేశాలు' అని ఒక్క ముద్ద చేశాడు. ఒక్కో దేశంలో పత్రాలు చాల్లేదు కాబట్టి కలిపేశాడు. అధికార దూరం 80, వ్యక్తివాదం 38. బీరూట్‌లోని క్రైస్తవ గుమాస్తాకీ రియాద్‌లోని ఇంజినీరుకీ ఒకటే మార్కు! స్వీడన్‌కి వేరే మార్కు, దాని పక్కన డెన్మార్క్‌కి వేరే మార్కు. లెక్కల ఇబ్బంది వల్ల అలా చేశారు నిజమే. ఆ ఇబ్బంది ఎప్పుడూ ఎవరి నెత్తిన పడుతుందన్నదే ప్రశ్న. తర్వాత తర్వాత ప్రపంచ విలువల సర్వే వాళ్ళు గీసిన పటంలో 'ఆఫ్రికన్-ఇస్లామిక్' అని ఒక మండలం కనబడుతుంది. ప్రొటెస్టెంటు యూరప్, కాథలిక్ యూరప్, ఇంగ్లీషు మాట్లాడే దేశాలు అన్నిటికీ వేరు వేరు మండలాలున్నాయి. మనం మాత్రం ఆఫ్రికాతో కలిపి ఒకటే.

ఈ ముద్ద చేసే అలవాటు తెలుగు నేల మీదా తెలిసిందే. 'ముస్లిం' అని ఒక్క మాట అంటే అందులో దూదేకుల ఉన్నారు, మెహతర్ ఉన్నారు, సయ్యదులున్నారు. దూదేకుల చాలా కాలంగా బి.సి.-బి జాబితాలో ఉన్నారు, మెహతర్ బి.సి.-ఎ. 2007లో బి.సి.-ఇ పెట్టినప్పుడు 14 సమూహాల్ని పేరుపేరునా రాయాల్సి వచ్చింది. చట్టానికి తెలిసిన తేడా ప్రశ్నావళికి తెలియదు.

1987లో మైకేల్ బాండ్ అనే ఆయన హాంకాంగ్ నుంచి ఎదురు ప్రయోగం చేశాడు. చైనా పండితుల్నడిగి వాళ్ళ సంస్కృతిలో ముఖ్యమైన 40 విలువలు రాయించి, ఆ పట్టికని 22 దేశాల విద్యార్థుల ముందు పెట్టాడు. పశ్చిమం వేసే ప్రశ్నకి తూర్పు జవాబు చెప్పడం కాదు, తూర్పు ప్రశ్నకి పశ్చిమం జవాబు చెప్పాలి. లెక్క చూస్తే నాలుగు కొలతలు తేలాయి. మూడు హాఫ్‌స్టెడ్ చెప్పినవాటితో ఏదో విధంగా కలిశాయి. నాలుగోది, కన్ఫ్యూషియస్ బోధలో ఉన్న పొదుపు, పట్టుదల లాంటివాటితో ముడిపడింది, దేనితోనూ కలవలేదు. పశ్చిమం పట్టికలో ఆ ప్రశ్నలే లేవు కాబట్టి అది అంతవరకు ఎవరికీ కనబడలేదు. హాఫ్‌స్టెడ్ దాన్ని తన ఐదో కొలతగా చేర్చుకున్నాడు. ఈ ప్రయోగానికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. సబర్, గైరత్, అమానత్, హలాల్ కమాయి - ఈ మాటలతో మొదలుపెట్టి ఒక పట్టిక రాసి, దాన్ని డెన్మార్క్‌వాళ్ళ ముందు పెడితే ఏమవుతుందో? ముస్లింల ధార్మికతని కొలిచే పరీక్షలు వచ్చాయి, 2008లో అబూ రయ్యా తన సహచరులతో కలిసి చేసినది మంచి పేరు తెచ్చుకుంది కూడా. అవి ముస్లింలకి ఇవ్వడానికి చేసినవి.

ఇప్పుడు అందరికన్నా పెద్ద ప్రయత్నం దగ్గరికొద్దాం. షాలోమ్ ష్వార్ట్జ్, జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం. 1992లో 20 దేశాల లెక్కలతో ఆయన పెద్ద వ్యాసం వచ్చింది. మనుషులు ఎక్కడున్నా వాళ్ళ విలువలు పది రకాలేనన్నాడు. అధికారం, సాధన, సుఖం, ఉత్తేజం, స్వయం నిర్దేశం, విశ్వజనీనత, పరోపకారం, సంప్రదాయం, అనుసరణ, భద్రత. ఇవి గుండ్రంగా ఒక చక్రంలా అమరి ఉంటాయి. పక్కపక్కనున్నవి చుట్టాలు, ఎదురెదురుగా ఉన్నవి పగవాళ్ళు. సంప్రదాయానికి ఎదురుగా ఉత్తేజం, సుఖం, స్వయం నిర్దేశం వస్తాయి. అధికారానికి ఎదురుగా విశ్వజనీనత.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇంతకుముందువాళ్ళు చెయ్యని జాగ్రత్తలు ఈయన చేశాడు. పట్టిక రాసేటప్పుడు వేరు వేరు మతాల గ్రంథాలు చూశాడు, ముస్లిం, ద్రూజ్ పండితుల్ని సంప్రదించాడు. ఏ దేశంలో వాళ్ళు తమ సంస్కృతిలో ఏదైనా ముఖ్యమైన విలువ తప్పిపోయిందనుకుంటే కలుపుకోమన్నాడు. 'నా విలువలకి విరుద్ధం' అని చెప్పడానికి మైనస్ ఒకటి గడి కూడా పెట్టాడు, పైన ఏడు దాకా. కొందరు అన్నిటికీ ఎక్కువ మార్కులు వేస్తారు, కొందరు పిసినారితనంగా వేస్తారు కాబట్టి ప్రతి మనిషి సగటునీ తీసేసి లెక్క కట్టాలన్నాడు. 57 మాటల్లో అన్ని చోట్లా ఇంచుమించు ఒకే అర్థం ఇచ్చేవి 45, 46 మాత్రమేనని తేల్చి, మిగతావి లెక్కలోంచి పక్కన పెట్టాడు. ఆ పక్కన పెట్టినవాటిలో ఆధ్యాత్మిక జీవితం, అంతరంగ శాంతి, జీవితానికి అర్థం ఉన్నాయి. ఒక్కో దేశంలో ఒక్కో అర్థం వచ్చింది కాబట్టి తీసేశారు. లెక్కకి అది సబబే. కానీ చూడండి, విశ్వాసి లోపలి వెలుగుకి సంబంధించిన మాటలన్నీ కొలబద్ద బయట ఉండిపోయాయి. మతవిశ్వాసం కలిగి ఉండడం అన్న ఒక మాట లోపల మిగిలింది. దాన్ని 'సంప్రదాయం' గంపలో వేశారు, వినయం, ఉన్నదానితో సరిపెట్టుకోవడం లాంటివాటి పక్కన.

ఈ కొలబద్ద చాలా దేశాల్లో నిలబడింది. నిలబడని చోట్లు కూడా ఉన్నాయి. ఎక్కడెక్కడ? సహారా దిగువ ఆఫ్రికా, మలేసియా, వెనకబడిన దేశాల పల్లెలు, ఇంకా - ఇండియా. మన దగ్గర చక్రం చక్రంలా రాలేదు. అప్పుడు ఏమన్నారు? సిద్ధాంతం తప్పు అనలేదు. ప్రశ్నావళి మరీ అమూర్తంగా ఉంది, పశ్చిమ పద్ధతి బడుల్లో చదవనివాళ్ళకి అందడం లేదు అన్నారు. 2001లో కొత్త రూపం తెచ్చారు. విలువ పేరు చెప్పి మార్కు అడగడం మానేసి, ఒక మనిషిని రెండు వాక్యాల్లో వర్ణించి, ఇతను ఎంతవరకు మీలాంటివాడు అని అడగడం. డబ్బూ ఖరీదైన వస్తువులూ కావాలనుకునే మనిషి ఒకడు, కొత్త ఆలోచనలు చేస్తూ తన దారిన తాను పోయే మనిషి ఒకడు. ఇలా చాలా బొమ్మలు. మగవాళ్ళకి మగ బొమ్మలు, ఆడవాళ్ళకి ఆడ బొమ్మలు. దక్షిణాఫ్రికాలో 3,210 మందిని, ఉగాండాలో 13, 14 ఏళ్ళ ఆడపిల్లల్ని 840 మందిని అడిగారు. ఈసారి చక్రం వచ్చింది.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. సరిపోయిన చోట సిద్ధాంతం గొప్ప, సరిపోని చోట కాగితం తప్పు అంటే ఇక సిద్ధాంతాన్ని ఓడించేదేముంది అని అడగొచ్చు. నేనూ అడుగుతాను. కానీ రెండో వైపు కూడా ఉంది. బడికి వెళ్ళని మనిషికి విలువలు లేవనుకోకుండా, అడిగే పద్ధతిలో లోపం ఉందని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. మన పరీక్షల్లో పిల్లలు తప్పితే ప్రశ్నపత్రం తప్పని ఎవరైనా అన్నారా?

ఇక అనువాదం గొడవ. 1970లో బ్రిస్లిన్ తిరుగు అనువాదం పద్ధతికి నియమాలు రాశాడు. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తారు, అసలు చూడని ఇంకొకరు ఆ తెలుగుని మళ్ళీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులూ కలిస్తే పాస్. తెలుగులో దీనికి ఒక వల ఉంది. క్రియేటివిటీకి 'సృజనాత్మకత' అని రాయండి, తిరిగి చేసేవాడు కళ్ళు మూసుకుని క్రియేటివిటీ అనే రాస్తాడు. ఇద్దరూ ఒకే నిఘంటువు చదువుకున్నవాళ్ళు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆవిడ నోట్లో ఆ మాట ఎన్నడూ ఆడలేదు. కాగితం మీద అనువాదం నూటికి నూరు, ఆవిడ దగ్గర సున్నా. పైగా తెలుగు ముస్లింకి ఏ భాషలో కాగితం ఇవ్వాలి? ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, నమాజులో అరబ్బీ, వేదిక మీద ఉర్దూ. అదే ప్రశ్న భాష మారితే అదే మనిషిలో వేరే గది తలుపు తీస్తుంది. 'విధి' అంటే ఒకలా, 'తఖ్దీర్' అంటే ఒకలా. సబర్‌ని 'ఓపిక' చేసి, ఓపికని 'ఉన్నదానితో సర్దుకుపోవడం' చేస్తే, కష్టంలో చెదరకుండా నిలబడే మనిషి కాస్తా తలవంచుకున్న మనిషై పోతాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రండి. మతం నుంచో కుటుంబం నుంచో వచ్చిన ఆచారం. ఈ 'ఓ' దగ్గరే నా తగాదా.

జోడేకీ రఖం అడగనని పట్టుబట్టే కుర్రాడు మన బస్తీల్లో ఉన్నాడు. దీన్‌లో వరుడు మెహర్ ఇవ్వాలి, తీసుకోమని లేదంటాడు. ఇంట్లో పెద్దలు మన ఖాందాన్‌లో రివాజు ఇదేనంటారు. వాడు మతాన్ని పాటిస్తూ కుటుంబాన్ని కాదంటున్నాడు. ఏ గడిలో టిక్కు పెట్టాలి? తండ్రి ఆస్తిలో ఖురాన్ తనకు రాసిచ్చిన వాటా అడిగే ఆడపిల్లకీ ఇదే చిక్కు. అన్నదమ్ములు, 'మన ఇళ్ళల్లో ఆడపిల్లలు వాటా అడగరమ్మా' అంటారు. అది షరియత్ కాదు, పక్కింటి రివాజు మనింటికొచ్చింది. అట్నుంచి పీర్ల పండగ చూడండి. తెలంగాణ పల్లెల్లో పీర్లనెత్తుకునే ముసలాయన తాత ముత్తాతల ఆచారం నిలబెడుతున్నాడు. జమాత్‌లో తిరిగొచ్చిన మనవడు అది దీన్‌లో లేదంటున్నాడు. ఆ అలాయి చుట్టూ ఆడేవాళ్ళలో ముస్లిం కానివాళ్ళే ఎక్కువ. తాతకీ మనవడికీ కాగితం ఇస్తే ఇద్దరూ 'అచ్చం నాలాగే' అనే పెడతారు. ఇద్దరికీ సమానంగా సంప్రదాయం మార్కులు. నెల రోజులుగా వాళ్ళు మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఏ అంకెలోనూ పడదు.

దీన్, రివాజు ఎప్పుడూ ఒకటి కాదు. మన ఇళ్ళల్లో జరిగే పోట్లాటల్లో సగం వాటి మధ్య పోట్లాటలే. సంస్కరణ అన్నది మన దగ్గర చాలాసార్లు మతం పేరుతోనే వచ్చింది, ఆచారానికి ఎదురుగా. రెండింటినీ ఒక ప్రశ్నలో కుట్టేస్తే ఆ చరిత్ర మొత్తం మాయం. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకొస్తామని కాలేజీ గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయిలది సంప్రదాయమా, స్వయం నిర్దేశమా? ష్వార్ట్జ్ చక్రంలో ఆ రెండూ ఎదురెదురు దిక్కులు. హైకోర్టు ఇది మతంలో తప్పనిసరి ఆచారమా కాదా అని తూచింది, సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. ఒకే గుడ్డ ముక్కని ఒకమ్మాయి అమ్మ చెప్పిందని కట్టుకుంటుంది, ఇంకో అమ్మాయి అమ్మ వద్దన్నా కట్టుకుంటుంది.

మతాభిమానులకీ మిగతావాళ్ళకీ విలువల్లో తేడా ఏమిటని ష్వార్ట్జ్ కొలబద్దతోనే చాలా పరిశోధనలు జరిగాయి. 1995 నాటి మొదటి పెద్ద అధ్యయనంలో యూదులు, ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు, గ్రీకు ఆర్థడాక్సులు ఉన్నారు, ముస్లింలు లేరు. 2004లో సరోగ్లూ బృందం 15 దేశాల నుంచి 21 నమూనాల్ని కలిపి చూసింది. ఈసారి ముస్లింలూ ఉన్నారు. ఏ మతం వాళ్ళయినా భక్తి పెరిగేకొద్దీ సంప్రదాయం, అనుసరణ పైకి, సుఖం, ఉత్తేజం కిందికి. ముస్లింల తీరు క్రైస్తవుల తీరు లాంటిదే, యూదుల తీరు లాంటిదే. నాగరికతల సంఘర్షణ అని 1993 నుంచి చెవులు హోరెత్తించినవాళ్ళు ఈ పట్టిక చూడాలి. అయితే మతవిశ్వాసాన్నే సంప్రదాయం గంపలో వేశాక, మతస్థులకి సంప్రదాయం ఎక్కువ అని తేలడంలో వింతేముంది? కొంతవరకు అది పెట్టినదాన్నే తీసి చూపించడం.

నన్ను బాగా ఆలోచింపజేసినవి వేరే రెండు అధ్యయనాలు. 1997లో రొకాస్, ష్వార్ట్జ్ ఆరు దేశాల కాథలిక్కుల్ని చూశారు. చర్చీ ప్రభుత్వమూ చేతులు కలిపి నడిచిన పశ్చిమ దేశాల్లో భక్తి, భద్రతతోనూ అనుసరణతోనూ జట్టు కట్టింది. ప్రభుత్వం చర్చిని అణచిన తూర్పు యూరప్‌లో ఆ జట్టు పలచబడింది, భక్తి విశ్వజనీనత వైపు జరిగింది. ఒకే మతం, ఒకే బైబిలు. రాజ్యం ఎటు నిలబడిందన్నదాన్నిబట్టి భక్తి అర్థమే మారింది. 1995లో సగీవ్, ష్వార్ట్జ్ ఇజ్రాయెల్‌లో ఉపాధ్యాయుల్ని, ఇతర సమూహాలవాళ్ళతో కలవడానికి సిద్ధమేనా అని అడిగారు. మెజారిటీ యూదుల్లో విశ్వజనీనత ఎక్కువున్నవాళ్ళు సిద్ధపడ్డారు, సంప్రదాయం ఎక్కువున్నవాళ్ళు వెనకాడారు. అదే సూత్రం అరబ్ ముస్లింలకీ అరబ్ క్రైస్తవులకీ ఉన్నదున్నట్టు అతకలేదు. మెజారిటీవాడికి కలవడమంటే గుమ్మం తెరవడం. మైనారిటీకి కలవడమంటే ఒక్కోసారి కలిసిపోవడం, ఒక్కోసారి కరిగిపోవడం. గుజరాత్ 2002 తర్వాత అహ్మదాబాద్‌లో జుహాపురాకి చేరినవాళ్ళని, 'మీరు ఇతరులతో కలవరేం' అని అడిగితే వాళ్ళ విలువలు తెలుస్తాయా, వాళ్ళ భయం తెలుస్తుందా?

పట్టికలో 'దేశభద్రత' అని ఒక విలువ ఉంది, శత్రువుల నుంచి నా దేశాన్ని కాపాడుకోవడం. దీనికి హైదరాబాద్ పాతబస్తీలో మార్కు వేసేది ఎలా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ ముస్లింలే, ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్ళనే. వాళ్ళలో ఎంతోమంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ గల్లీలోకి కాగితం పట్టుకుని కొత్త మనిషి వచ్చి దేశభద్రత మీకెంత ముఖ్యం అంటే ఏడుకి ఏడు వేసి పంపిస్తారు. అది విలువ కాదు, జేబులో పెట్టుకు తిరగాల్సిన సర్టిఫికెట్. ఈ సంగతి కొత్తది కాదు. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్నప్పుడే, 1950లో, యునెస్కో తరఫున గార్డ్‌నర్ మర్ఫీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వచ్చి హిందూ ముస్లిం ఉద్రిక్తతల మీద పరిశోధన చేయించాడు, 1953లో పుస్తకం వేశాడు. ఎవరు అడుగుతున్నారన్నది జవాబులో సగం ఉంటుందని అప్పటినుంచీ తెలుస్తూనే ఉంది.

సగటుల పోలిక సంగతి కూడా చెప్పాలి. పాసంగం ఉన్న తక్కెడ ఒకటి మన కొట్టులో ఉందనుకోండి. అందులో తూచిన రెండు బస్తాల్లో ఏది బరువో, ఎంత తేడానో తెలుస్తుంది. అవతలి కొట్టు తక్కెడకి వేరే పాసంగం ఉంటే, ఇక్కడి బస్తానీ అక్కడి బస్తానీ పోల్చలేం. 2008లో డేవిడోవ్, ష్మిట్, ష్వార్ట్జ్ కలిసి యూరోపియన్ సోషల్ సర్వే లెక్కల్ని సరిగ్గా ఇలాగే పరీక్షించారు. 20 దేశాల్లో పది విలువలు పదిగా విడిపోలేదు, ఏడే తేలాయి. సంప్రదాయం, అనుసరణ కలిసిపోయాయి. ఒక దేశం లోపల ఏ విలువకి ఏది తోడు వస్తుందో పోల్చవచ్చు గాని, దేశాల సగటుల్ని పక్కపక్కన పెట్టడానికి ఆధారం చాలదన్నారు. కొలబద్ద చేసినాయనే సంతకం పెట్టిన మాట ఇది. సంప్రదాయానికి ఆ సర్వేలో ఉన్నవి రెండే ప్రశ్నలు. ఒకటి వినయం గురించి, రెండోది పైన చెప్పిన మతమో కుటుంబమో. ప్రపంచ విలువల సర్వేకీ ఇలాంటి పరీక్షే 2016లో ఆలెమాన్, వుడ్స్ పెట్టారు. దేశాల మధ్య పోలిక అక్కడా నిలబడలేదు. పటాలు మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

ష్వార్ట్జ్ ఊరుకోలేదు. 2012లో సహచరులతో కలిసి పది విలువల్ని పందొమ్మిదిగా విడగొట్టాడు. కొత్త ప్రశ్నావళిలో 57 బొమ్మలు. 2022లో 49 సాంస్కృతిక సమూహాల లెక్కలు ప్రకటించారు. ఈ సవరణలో వినయాన్ని సంప్రదాయం నుంచి బయటికి తీసి వేరే గడి ఇచ్చారు. సంప్రదాయానికి మిగిలిన మూడు బొమ్మల్లో ఒకటి చదివాను. కుటుంబ ఆచారాల్నో మత ఆచారాల్నో పాటించడం ముఖ్యమనుకునే మనిషి. ఆ 'ఓ' అక్కడే ఉంది. దాన్ని రెండు ప్రశ్నలుగా కోస్తే కాగితంలో ఒక్క వరుస పెరుగుతుంది. దీన్ చెప్పిందని చేసే మనిషి ఒకడు, ఇంట్లో పెద్దలు చేశారని చేసే మనిషి ఒకడు. తెలుగులో అడగడానికి ఇబ్బందేమీ లేదు. నూర్‌బాషా ఇంట్లో అడిగినా, పీర్లచావిడి అరుగు మీద అడిగినా, పెళ్ళి మాటలు జరుగుతున్న ఇంట్లో అడిగినా ఎవరూ తెల్లమొహం వెయ్యరు. కాకపోతే ఒకే ఇంట్లో మనుషులు ఒకరి కాగితం ఒకరికి చూపించరు.